దేవుడు వరమిచ్చినా డ్రైవరు ఇవ్వడు

2025 అక్టోబరు 14తో విండోసు 10కి మైక్రోసాఫ్టు మామూలు సపోర్టు ఆపేసింది. అప్పట్నుంచీ చుట్టాలూ పక్కాలూ అందరిదీ ఒకటే ప్రశ్న. "పాత కంప్యూటరుంది, బాగానే పన్జేస్తోంది, ఏం చెయ్యమంటావ్?" సాఫ్టువేరు ఇంజినీరుగా పుట్టిన పాపానికి ఈ ప్రశ్న మీకూ ఎదురయ్యే ఉంటుంది. ఒకరు మళ్ళీ విండోసు 7కి పోతామంటారు, ఇంకొకరు లినక్సు వేసిపెట్టమంటారు. ఏది వేసినా ఆఖరికి బండి ఆగేది మాత్రం ఒక్కచోటే... డిస్‌ప్లే డ్రైవరు దగ్గర.

సౌండు డ్రైవరు లేకపోతే పాటలు రావు, అంతే. డిస్‌ప్లే డ్రైవరు లేకపోతే మొత్తం కంప్యూటరే ముసలిదైపోయినట్టు కనిపిస్తుంది. అక్షరాలు లావుగా సాగిపోతాయి. విండో పట్టుకుని జరిపితే నత్తలా కదులుతుంది. వీడియో పెడితే పాపం ప్రాసెసరే ఆ పనంతా నెత్తినేసుకుని ఆయాసపడుతుంది. స్లీపులో పెడదామంటే ఆ ఆప్షనే ఉండదు. డివైస్ మేనేజరు తెరిస్తే 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే ఎడాప్టర్' అని ఉంటుంది. అంటే ఆ చిప్పుకి తగిన డ్రైవరు విండోసు దగ్గర లేదు, ఏదో తెరమీద బొమ్మ పడేలా సర్దుకుంటోంది అని అర్థం. దాన్ని చూసినవాడెవడైనా "ఇంక దీని పనైపోయింది, కొత్తది కొనుక్కోండి" అనే అంటాడు. కానీ పోయింది హార్డువేరు కాదండీ, ఒక ఫైలు!

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డ్రైవరు అనేది కంపెనీవాళ్ళు దయతలచి పంచిపెట్టే ఉచిత ప్రసాదం కాదు. మనం డబ్బులిచ్చి కొన్న హార్డువేరులో అది భాగం. ఇల్లు అమ్మినవాడు పదేళ్ళ తర్వాత వచ్చి తాళంచెవి పట్టుకుపోతే ఊరుకుంటామా? కంప్యూటరు విషయంలో మాత్రం ఊరుకుంటున్నాం. పైగా "టెక్నాలజీ కదా, అంతేలే" అని మనమే సర్దిచెబుతున్నాం.

మా బాబాయికి ఊళ్ళో చిన్న డీటీపీ షాపుంది. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు. అను ఫాంట్లతో పాతికేళ్ళుగా అలవాటైన చెయ్యి ఆయనది. మిషను పాతదే, కానీ ఆ పనికి సరిపోతుంది. ఆమధ్య హార్డుడిస్కు పోతే టౌనులో ఎవరో కొత్త డిస్కు పెట్టి, విండోసు వేసి ఇచ్చారు. తెర చూస్తే 800 బై 600. పేజీ మొత్తం ఒకసారి కనపడదు. "గ్రాఫిక్స్ పోయింది, బోర్డు మార్చాలి, ఆ బోర్డు ఇప్పుడు దొరకదు కాబట్టి సిస్టమే మార్చాలి" అని తేల్చేశారట. ఆయనకి అది రెండు నెలల సంపాదన.

నేను వెళ్ళి చూస్తే చిప్పు నిక్షేపంగా ఉంది. బోర్డు తయారుచేసిన కంపెనీ సైటులో ఆ మోడల్ పేరుతో పేజీ కూడా ఉంది, డౌన్‌లోడు లింకు మాత్రం ఎటూ పోదు. గూగుల్లో వెతికితే ఎవరివో తెలీని ఇరవై సైట్లు, అన్నిట్లోనూ పచ్చరంగు డౌన్‌లోడు బటన్లు. ఏం చెయ్యాలా అనుకుంటుంటే బాబాయి లోపలికెళ్ళి, కొన్ననాటి బిల్లుతో సహా కవర్లో దాచిన మదర్‌బోర్డు సీడీ తెచ్చి ఇచ్చాడు. అందులో ఎక్స్‌పీ ఫోల్డరు, విస్టా ఫోల్డరు రెండూ ఉన్నాయి. విండోసు 7 వేసి విస్టా డ్రైవరు ఎక్కిస్తే చక్కగా కూర్చుంది. నెట్టు కనెక్షను పీకేసి, డీటీపీకి మాత్రమే వాడమని చెప్పొచ్చాను. అంత పెద్ద కంపెనీ దాచలేని ఫైలుని డీటీపీ షాపు ఆయన బిల్లు కవర్లో దాచుకున్నాడు. నన్నడిగితే ఇందులో సిగ్గుపడాల్సింది ఎవరో చెప్పక్కర్లేదు.

అన్నట్టు, విస్టా డ్రైవరు 7లో ఎందుకు పన్జేసింది, ఎక్స్‌పీది ఎందుకు వద్దనుకున్నాను అనేది తెలుసుకోవాల్సిన విషయం. ఎక్స్‌పీ దాకా డిస్‌ప్లే డ్రైవరు పనంతా కెర్నెల్లోనే జరిగేది. అది తూలితే విండోసు మొత్తం పడిపోయి నీలితెర వచ్చేది. 2007లో విస్టాతో డబ్ల్యూడీడీఎం అనే కొత్త పద్ధతి తెచ్చి, డ్రైవరులో చాలా భాగాన్ని కెర్నెల్ బయటికి తీసుకొచ్చారు. ఇప్పుడు డ్రైవరు తడబడితే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ లేస్తుంది. ఇంజినీరింగు పరంగా మంచి మార్పే, నేను కాదనను. కానీ కొత్త పద్ధతిలో డ్రైవరు ఎవరైనా కూర్చుని రాయాలి కదా! కొత్త చిప్పులకి రాశారు, పాతవాటిలో చాలావాటికి రాయలేదు. విస్టా, 7 పాత పద్ధతి డ్రైవర్లని కూడా ఎలాగోలా భరించాయి. 2012లో వచ్చిన విండోసు 8 ఆ తలుపు పూర్తిగా మూసేసింది.

ఇంటెల్ 915 చిప్‌సెట్ కథ దీనికి మంచి ఉదాహరణ. దానికి డబ్ల్యూడీడీఎం డ్రైవరు రానే లేదు. అయినా 2006లో ఆ చిప్‌సెట్ ఉన్న మిషన్ల మీద కూడా 'విస్టా కేపబుల్' అని స్టికరు అంటించి అమ్మారు. 2007లో అమెరికాలో కేసు పడింది. 2008లో మైక్రోసాఫ్టు లోపలి ఈమెయిళ్ళు కోర్టు ద్వారా బయటికొచ్చాయి. 915కి కూడా స్టికరు దక్కేలా నిబంధన సడలించారని వాటిలో తేలింది. 2009లో కోర్టు క్లాస్ యాక్షన్ హోదా తీసేయడంతో ఆ కేసు అక్కడికి చప్పబడింది. కొన్నవాళ్ళకి మిగిలింది స్టికరు.

ఇదేదో పాతకాలం ముచ్చట అనుకునేరు. 2017లో క్లోవర్ ట్రెయిల్ అనే ఇంటెల్ ఆటమ్ చిప్పులున్న మిషన్లకి విండోసు 10 కొత్త అప్‌డేటు ఎక్కకుండా ఆగిపోయింది. వీటిలో గ్రాఫిక్స్ భాగం ఇంటెల్ సొంతం కాదు, ఇమాజినేషన్ టెక్నాలజీస్ వాళ్ళ పవర్‌వీఆర్. ఆ చిప్పులకి ఇంటెల్ సపోర్టు ఆపేసింది, కొత్త డ్రైవర్లు రాలేదు. గొడవ పెద్దదయ్యాక మైక్రోసాఫ్టు దిగొచ్చి, పాత వెర్షనుకే 2023 జనవరి దాకా సెక్యూరిటీ ప్యాచులిస్తామంది. నాలుగైదేళ్ళ క్రితం కొన్న మిషన్లవి, తాతలనాటివి కాదు. ఇక 2019లో ఇంటెల్ తన డౌన్‌లోడు సైటు నుంచి చాలా పాత డ్రైవర్లని, బయోస్ ఫైళ్ళని తీసేసింది. కొత్తవి రాయలేదంటే అర్థముంది, రాసిపెట్టినవి తీసెయ్యడమెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక డ్రైవరు ఫైలు సైజెంత? మనం రోజూ వాట్సాపులో పంపుకునే గుడ్ మార్నింగ్ వీడియోలంత!

సరే, ఈలోగా మీ ఇంట్లో పాత మిషనుకి సరైన డ్రైవరు వెతకాలంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పేరుతో వెతక్కండి, నంబరుతో వెతకండి. డివైస్ మేనేజర్లో డిస్‌ప్లే ఎడాప్టరు ప్రాపర్టీసులో డీటెయిల్స్ ట్యాబులో హార్డువేర్ ఐడీలు చూస్తే రెండు నంబర్లుంటాయి. మొదటిది కంపెనీది. 8086 అయితే ఇంటెల్ (ఆ నంబరు ఎందుకు ఎంచుకున్నారో మైక్రోప్రాసెసర్ ల్యాబు చేసిన మీకు చెప్పాలా :) ), 1002 అయితే ఏటీఐ, అంటే ఇప్పటి ఏఎండీ, 10డీఈ అయితే ఎన్‌విడియా. రెండోది చిప్పుది. 8086 పక్కన 2572 ఉంటే ఇంటెల్ 865జీ, 2772 ఉంటే 945జీ. స్టికరు అబద్ధం చెప్పొచ్చు, షాపువాడు పొరబడొచ్చు, ఈ నంబరు మాత్రం చిప్పు తనంతట తాను చెప్పే మాట.

ఆ నంబరు పట్టుకుని, ల్యాప్‌టాపు అయితే ముందు దాన్ని తయారుచేసిన కంపెనీ సైటు చూడండి. ఒకే చిప్పైనా ల్యాప్‌టాపుని బట్టి డ్రైవరుకి చిన్నచిన్న మార్పులు చేస్తుంటారు. అక్కడ లేకపోతే చిప్పు కంపెనీ సైటు, తర్వాత మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కెటలాగ్. 32 బిట్టా 64 బిట్టా అన్నది ముందే చూసుకోండి, ఒకదానిది ఇంకొకదానికి అతకదు. దిగిన ఫైలు ప్రాపర్టీసులో డిజిటల్ సంతకం ఎవరిదో చూడండి. 'మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్కుతో అప్‌డేట్ చేస్తాం' అనే సాఫ్టువేర్ల జోలికి మాత్రం పోకండి. డ్రైవరంటే కెర్నెల్లోకి పిలిచి కూర్చోబెట్టే అతిథి. ముక్కూమొహం తెలీనివాణ్ణి నట్టింట్లోకి తీసుకొచ్చి కూర్చోబెడతామా?

లినక్సు వేస్తే ఈ బాధలుండవా అంటే, అది చిప్పు ఎవరిదన్నదాన్ని బట్టుంటుంది. 2007లో ఏఎండీ తన గ్రాఫిక్స్ చిప్పుల డాక్యుమెంట్లు బయటపెట్టడం మొదలెట్టింది. వాటి ఆధారంగా బయటివాళ్ళు కూడా డ్రైవర్లు రాసుకున్నారు. ఫలితం ఏంటంటే, 2002లో వచ్చిన రేడియన్ 9700కి ఇప్పటికీ మీసాలో పన్జేసే ఓపెన్‌సోర్సు డ్రైవరుంది. అదే ఏఎండీ 2012లోనే రేడియన్ హెచ్‌డీ 2000, 3000, 4000 సిరీసుల్ని తన సొంత డ్రైవరులో పాతసామాను కింద పక్కన పెట్టేసింది. అయినా లినక్సులో అవి బతికే ఉన్నాయి. ఎందుకంటే వాటి గురించి తెలిసినవాళ్ళు కంపెనీ బయట కూడా ఉన్నారు కాబట్టి.

ఎన్‌విడియా సంగతి చూడండి. 2006లో వచ్చిన జీఫోర్స్ 8 సిరీసుకి లినక్సులో 340 వరస డ్రైవరు 2019 దాకా నడిపారు. పదమూడేళ్ళు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ తర్వాత? ఆ డ్రైవరు లోపలేముందో ఎవరికీ తెలీదు. కొత్త కెర్నెల్ మీద ఎక్కించాలంటే ఎవరో అతికిన ప్యాచుల మీద ఆధారపడాలి. ప్రత్యామ్నాయంగా ఉన్న నూవో డ్రైవరు, చిప్పుని రివర్స్ ఇంజినీరింగు చేసి ఏళ్ళ తరబడి కష్టపడి రాసింది. 2022లో ఎన్‌విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ళని ఓపెన్‌సోర్సు చేసింది, అదీ 2018లో వచ్చిన ట్యూరింగ్, ఆ తర్వాతి చిప్పులకే. అసలు అవసరమున్న పాతవాటికి మాత్రం మొండిచెయ్యే.

ఇక్కడ ఎదుటిపక్షం వాదన కూడా వినాలి. మనమూ అదే వంటింట్లో వాళ్ళమే కదా. పాత వెర్షను మోయడం ఎంత నరకమో నాకు తెలుసు. టెస్టింగుకి పాత హార్డువేరు దొరకాలి, మనుషులు కావాలి, సెక్యూరిటీ బగ్గు బయటపడితే సరిచెయ్యాలి. పైసా రాని చిప్పుకి ఇంకా ఎన్నేళ్ళు? న్యాయమైన ప్రశ్నే. కెర్నెల్లో పాత డ్రైవరు ఉంచుకుని ఇంటర్నెట్టులో తిరగడం ప్రమాదమన్నదీ నిజమే.

అందుకే నేను జీవితాంతం సపోర్టు అడగట్లేదు. అడిగేది మూడే. ఒకటి, సపోర్టు ఆపేసిన రోజున ఆఖరి డ్రైవరుని దాని చెక్‌సమ్‌తో సహా ఒకచోట పెట్టి, మళ్ళీ దాని జోలికి పోవద్దు. 'దీనికి ఇక ప్యాచులు రావు' అని పెద్దక్షరాలతో రాయండి, తప్పులేదు. రెండు, ఇంక మీరు రాయనప్పుడు ఆ చిప్పు డాక్యుమెంట్లు బయటపెట్టండి, ఓపికున్నవాడు రాసుకుంటాడు. మూడు, అమ్మేరోజే డ్రైవరు ఏ సంవత్సరం దాకా ఇస్తారో డబ్బా మీద ముద్రించండి. మందుబిళ్ళ మీద ఉంటుంది, పాల ప్యాకెట్టు మీద ఉంటుంది, ఏభై వేలు పెట్టి కొనే ల్యాప్‌టాపు మీద ఎందుకుండదు?

మనదేశంలో 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. మంచిదే. కానీ రిపేరంటే స్క్రూలు, బ్యాటరీలు, స్పేరుపార్టులే అనుకుంటే సగమే చేసినట్టు. నా దృష్టిలో డ్రైవరు కూడా స్పేరుపార్టే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ఈ-వేస్టు నిబంధనలు చెత్త అయ్యాక ఏం చెయ్యాలో కంపెనీలకి చెబుతున్నాయి. అసలు చెత్త కాకముందే ఆపగలిగే ఫైలు గురించి కూడా ఎవరో ఒకరు అడగాలి కదా.

పెద్ద పనులు జరిగేలోపు చిన్న పని ఒకటుంది. ఈ ఆదివారం మీ ఇంట్లో ఉన్న ప్రతి మిషను హార్డువేరు ఐడీలు రాసుకుని, వాటి డ్రైవర్లన్నీ దింపి ఒక పెన్‌డ్రైవులో పెట్టండి. అమ్మావాళ్ళ ల్యాప్‌టాపు కూడా మర్చిపోవద్దు. ఇంకోటి, రేపు మీ ఆఫీసులో ఏదో పాత వెర్షను డౌన్‌లోడు పేజీ తీసెయ్యమని మీ పేరుమీదే టికెట్టు రావచ్చు. మూసేముందు ఒక్కసారి "ఈ ఫైలు ఉంచితే మనకి పోయేదేంటి?" అని మీటింగులో అడిగి చూడండి. చాలాసార్లు దానికి ఎవరి దగ్గరా జవాబుండదు. అడిగినవాడే లేక పోతున్నాయి సగం ఫైళ్ళు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ చిప్పు దేవుడు ఎప్పుడో వరమిచ్చేశాడు, ఈరోజుకీ ఇస్తూనే ఉన్నాడు. పూజారే గుడికి తాళమేసి ఊరెళ్ళిపోయాడు. కనీసం ఆ తాళంచెవి గుమ్మం పక్కన పెట్టి వెళ్ళమంటే అది గొంతెమ్మ కోరికంటారా? మీరేమంటారు?