స్టువర్టుపురం: పేరులో సగం దొరది, సగం ఊరిది. మరి ఎరుకలది?

తెనాలి నుంచి చెన్నై వైపు రైలెక్కితే బాపట్ల దాటాక స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. ఆ బోర్డు చూడగానే "జేబులు జాగ్రత్త" అని నవ్వేవాళ్ళు ఉంటారు. ఆ పేరు ఎక్కడిదని అడిగేవాళ్ళే తక్కువ. ఇవాళ మనం అడుగుదాం.

రెండు భాషల మాటలు అతికిన ఊరి పేర్లు మన తీరానికి కొత్తేం కాదు. రేపల్లెకి దక్షిణాన ఉన్న నిజాంపట్నమే చూడండి. నిజాం అరబీ మాట, పట్నం మన మాట. 1611లో ఇంగ్లీషు వ్యాపారులు అక్కడ దిగినప్పుడు ఆ రేవుని పెట్టపోలి అని రాసుకున్నారు. రాజ్యం ఎవరిదో వాళ్ళ మాట పేరుకి ముందు చేరుతుంది. వెనకాల పట్నమో, పురమో మనకి మిగులుతుంది.

స్టువర్టుపురం కథా అదే. హెరాల్డ్ స్టువర్ట్ అప్పటి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి. 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని తెచ్చి ఒకచోట ఉంచడానికి 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా ఈ సెటిల్‌మెంటు పెట్టారు. దొర పేరుకి పురం తగిలించారు. లోపలున్న వాళ్ళు హాజరు వేయించుకోవాలి, పాసు లేకుండా పొలిమేర దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీకి ఇక్కడి నుంచే కూలీల్ని పంపారు.

అంతకుముందు వీళ్ళెవరు? గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా బేరం చేసినవాళ్ళు. బుట్టలల్లినవాళ్ళు, ఎరుక చెప్పినవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పెత్తనం, కొత్తగా వచ్చిన రైళ్ళు ఆ బేరాన్ని దెబ్బకొట్టాయి. బతుకుతెరువు పోయిన జనానికి పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు.

1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టం దేశమంతా రద్దయింది. నోటి మాటలో మాత్రం రద్దు కాలేదు. సినిమాలు ఆ పేరుని పోస్టర్లకెక్కించాయి. ఆ ఊరి పిల్లలు ఉద్యోగానికెళ్ళి సొంతూరు పేరు చెప్పాలంటే ఒక్క క్షణం ఆగాల్సి వస్తే, ఆ తప్పు ఎవరిది?

పేరు మార్చాలా, ఉంచాలా అన్నది ఆ ఊరివాళ్ళే తేల్చుకోవాలి. మనం అడగాల్సింది ఒకటుంది: స్టేషన్లో ఆ పేరు పక్కనే 1913 నాటి సంగతి, ఎరుకల మాటతో సహా, తెలుగులో రాసి పెట్టండి.

మీ వంతు ఇంకా చిన్నది. ఈసారి రైల్లో ఎవరైనా ఆ జోకు వేస్తే ఊరుకోకండి. ఆ ఊరు ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో చెప్పండి.