తప్పు బ్రేకుదా, మనదా?

కిందటి నెల నా సైకిల్‌ని ఓవరాలింగ్‌కి ఇచ్చాను. అన్నీ విప్పి బిగించినందుకు షాపతను అయిదు వందలు తీసుకున్నాడు. మూడోరోజు వంతెన దిగుతుంటే ముందు బ్రేకు పట్టలేదు. పడ్డాను, మోచెయ్యి గీరుకుపోయింది. లేచి చూస్తే బ్రేకు నట్టు వదులుగా ఉంది, రబ్బరు రిమ్ముకి ఆనడమే లేదు.

తీసుకెళ్లి చూపిస్తే అతను సైకిల్ వంక కూడా చూడలేదు. "మీకు తొక్కడం సరిగా రాదమ్మా. మీవారిని పంపండి, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు. ఇంటికొస్తే "ఈ వయసులో సైకిలెందుకు, మానెయ్" అన్నారు. వదులైన నట్టు సంగతి అక్కడా ఇక్కడా ఎవరికీ పట్టలేదు. మగవాడు పడితే బ్రేకు పాడైందంటారు. ఆడమనిషి పడితే సైకిల్ మానెయ్యమంటారు.

ఇదేం పెద్ద సమస్య అనుకోవద్దు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో, అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాదిమంది స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. పనికి, నీళ్లకి, బజారుకి మరొకరి కోసం ఎదురుచూడకుండా బయల్దేరడమే వాళ్లు గెలుచుకున్నది. అలాంటి గెలుపుని ఒక చెడ్డ రిపేరు మననుంచి లాక్కోగలదు.

డబ్బు తీసుకుని పని సరిగా చేయకపోతే అది సేవాలోపం. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చి 2020 జూలై నుంచి అమలవుతున్న వినియోగదారుల రక్షణ చట్టం మనకి ఈ హక్కునిస్తోంది. 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. అవసరమైతే రెండేళ్లలోపు, మనం ఉండే జిల్లాలోని కమిషన్‌కే వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వకీలు ఉండి తీరాలనీ లేదు.

నేను అంతదూరం వెళ్లలేదు. సైకిల్ ఏ రోజు ఇచ్చాను, ఏ పని చెప్పాను, ఎంత ఇచ్చాను, ఏం జరిగింది అన్నీ కాగితం మీద రాశాను. బిల్లు అడగకపోవడం నా పొరపాటే గానీ, డబ్బు ఫోన్లో కట్టిన ఆధారం ఉంది. మర్నాడు రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం చెయ్యమన్నాను. అతను సంతకం చెయ్యలేదు, పాన తీశాడు. పావుగంటలో కొత్త రబ్బర్లు వేసి బిగించాడు. ఈసారి చక్రం ఎత్తి తిప్పి, బ్రేకు నొక్కి చూశాకే కదిలాను.

అతనూ రెక్కల కష్టం మీద బతికేవాడే, అతనితో నాకు పగలేదు. అతని కష్టానికి కూలి ఇచ్చాను, నా డబ్బుకి పని అడిగాను. మావారిని పంపకుండా నేనే అడిగాను. ఇంట్లో ఇంకా సణుగుతూనే ఉన్నారు. నేను తొక్కుతూనే ఉన్నాను.

ఈసారి రిపేరుకి ఇచ్చేటప్పుడు చెప్పిన పనులు కాగితం మీద రాయించుకోండి, బిల్లు అడగండి. వీలైతే పాన పట్టడమూ నేర్చుకుందాం. మీకెదురైన ఇలాంటి అనుభవాలు మాకు రాయండి.