నెత్తురు పీల్చు కొమ్మును, నేటి గాజుబుడ్డియు

నిజామాబాదునుండి బోధనునకు బోవు మార్గమున నొకప్పుడు కనుచూపుమేర చెఱకు తోటలే యుండెడివి. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీరును, 1937లో స్థాపితమైన శక్కరునగరు చక్కెర కర్మాగారమును ఆ సీమకు క్రొత్త భాగ్యమును దెచ్చినవి. 2015లో కర్మాగారము మూతపడెను. చెఱకు నేలలలో పెక్కులు వరిమళ్లయినవి. పంట మాఱినను పాటుపడువాని నడుమునొప్పి మాఱలేదు. గడ నఱకుటకును వంగవలయును, నారు నాటుటకును వంగవలయును. ఈ నొప్పితో పట్టణమునకు వచ్చువారికి నేడు దొరకుచున్న చికిత్సలలో హిజామా యొకటి. దానినిగూర్చి మా యభిప్రాయమును పాఠకులయెదుట నుంచుచున్నాము.

చికిత్స యిట్టిది. చర్మముపై బుడ్డిని బోర్లించి లోని గాలిని తగ్గింతురు. పూర్వము నిప్పుతో ఆ గాలిని వేడిచేసెడివారు; అది చల్లారి సంకోచింపగా చర్మము లోనికి పొంగెడిది. నేడు చిన్న చేతిపంపుతో గాలిని లాగుచున్నారు. అంతటితో విడిచినచో అది పొడి పద్ధతి. చర్మముపై సన్నని గాట్లు పెట్టి, మరల బుడ్డి నుంచి నెత్తురు లాగినచో అది తడి పద్ధతి. హిజామా యని జనులు సామాన్యముగా చెప్పుకొనునది దీనినే. ముస్లిము సోదరులకిది ప్రవక్త మెచ్చిన చికిత్స. చాంద్రమాసమున 17, 19, 21 తేదీలు దీనికి శ్రేష్ఠములని వారి విశ్వాసము.

ఆంగ్లవిద్య గడించిన మన మిత్రులు కొందఱు దీనిని మోటుతనమని నవ్వుదురు. నవ్వుటకు ముందు వారు పాశ్చాత్యుల చరిత్రమును కొంచెము తిరుగవేయుట మంచిది. అమెరికా ప్రథమాధ్యక్షుడు వాషింగ్టను 1799 డిసెంబరులో గొంతువ్యాధితో మంచము పట్టగా వైద్యులు ఒక్కదినముననే పలుమాఱులు నెత్తురు తీసిరి. ఆ రాత్రియే ఆయన గతించెను. 1823లో లండనున వెలసిన సుప్రసిద్ధ వైద్యపత్రికకు ‘లాన్సెట్’ అని నామకరణము చేసిరి. నెత్తురు తీయు చిన్నకత్తి పేరది. ఆ యలవాటును అచ్చట సడలించినది పరిహాసము గాదు, లెక్క. పారిసు నగరమున పియేర్ లూయీ యను వైద్యుడు ఊపిరితిత్తుల వాపుగల రోగులలో ఎవరికెప్పుడు నెత్తురు తీసిరో, ఎవరు బ్రతికిరో, ఎవరు మరణించిరో వ్రాసిపెట్టి, ఈ చికిత్సవలన లోకులనుకొన్నంత మేలు లేదని 1835లో ప్రకటించిన గ్రంథమున చూపెను. ఇంతలో 2016లో రియో ఒలింపిక్సున ఈతగాడు మైకేల్ ఫెల్ప్సు ఒంటిపై ఎఱ్ఱని వలయములు కానరాగానే అదే బుడ్డి నాగరికమైపోయెను! పెరటిచెట్టు మందునకు బనికిరాదను సామెత మనయందు ఊరక పుట్టలేదు.

ఇక మన పెరటిని చూతము. వాతముచే చెడిన నెత్తురును ఆవుకొమ్ముతోను, పిత్తముచే చెడినదానిని జలగలతోను, కఫముచే చెడినదానిని సొరబుఱ్ఱతోను తీయవలెనని సుశ్రుత సంహిత విధించుచున్నది. బుఱ్ఱలో దీపముంచి పీల్చించు విధమును అందే కలదు. యూనానీ వైద్యమున ఇబ్నె సీనా రచించిన ‘కానూను’ హిజామత్తును విపులముగా వర్ణించెను. ఆవుకొమ్మునకును గాజుబుడ్డికిని నడుమ మతకలహము తెచ్చిపెట్టు పండితులు తమ తమ గ్రంథములనే చదువలేదని మా యనుమానము.

అయినను ప్రాచీనమైనంతమాత్రమున ప్రతిఫలము సిద్ధించునా? మెడనొప్పియు నడుమునొప్పియు కొంతకాలము తగ్గునని కొన్ని పరిశోధనలు తెలుపుచున్నవి. ఆ ప్రమాణము బలమైనది గాదు. మందుబిళ్లకు బదులు ఉత్తబిళ్ల నిచ్చి ఫలితమును పోల్చవచ్చును గాని, ఉత్తబుడ్డిని పెట్టి రోగిని నమ్మించుట కష్టము. కొంత ఉపశమనము కలిగినచో కాదనుటకు మేమెవరము? మా యాక్షేపణ వేఱొకచోట నున్నది. బుడ్డిలో గడ్డకట్టిన నల్లని నెత్తురును చూపి, ‘ఇదిగో, నీ యొంటిలోని విషము’ అనుచున్నారు. చర్మమునందలి సన్నని నాళములనుండి వచ్చి ప్రాణవాయువు తగ్గిన నెత్తురు ముదురురంగు గలిగియుండుట సహజము. కొంతసేపు నిలిచినచో గడ్డకట్టుటయు సహజమే. ఆరోగ్యవంతుని నెత్తురును అట్లే యుండును. దేహమునందలి మలినమును తొలగించు పనిని కాలేయమును మూత్రపిండములును రేయింబవళ్లు చేయుచునే యున్నవి.

సంప్రదాయము పేరు చెప్పి ఈ వృత్తి నడుపువారు ఆ సంప్రదాయము తమనుండి ఏమి కోరినదో యెఱుగుదురా? శస్త్రము పట్టదలచినవానిని సుశ్రుతుడు తిన్నగా రోగికడకు పంపలేదు. కోయుటను గుమ్మడి, సొర మున్నగు కాయలపైనను, గీయుటను రోమములుగల తోలును బిగించి దానిపైనను, సిరను పొడుచుటను చచ్చిన పశువుల సిరలపైనను తామరకాడలపైనను అభ్యసింపుమనెను. అది ముగిసిన పిమ్మటగూడ రాజు అనుజ్ఞ లేనిదే వృత్తిలో ప్రవేశింపరాదనెను. సిరనుండి నెత్తురు ఎవరికి తీయరాదో యెన్నెను: బాలురు, వృద్ధులు, గర్భిణులు, కృశించినవారు, అలసినవారు. ఈ కడపటి మాటను బోధను ప్రాంతపు రైతులు గమనింతురుగాక. దినమంతయు ఎండలో పనిచేసి వచ్చిన కూలీని ఆ సాయంకాలమే బల్లపై బోర్ల పరుండబెట్టుట ఏ శాస్త్రము? కొంత దోషము మిగిలినను మేలే, అతిగా తీయరాదని కూడ అందే కలదు. నేడో, కొన్నిదినముల శిక్షణతో ఒక పత్రము సంపాదించి, అద్దెగదిలో బల్ల వేసి, గోడకు బుడ్డుల పటము తగిలించినవారును కలరు.

మా మిత్రులలో ఒక రైతు మధుమేహరోగి. ఏదో ఒక యూర వీపున గాట్లు పెట్టించుకొని వచ్చెను. నెలదాటినను రెండు పుండ్లు మానలేదు. పిదప ఆసుపత్రియే శరణ్యమయ్యెను. చక్కెరవ్యాధి యున్నదాయని గాట్లు పెట్టినవారు అడుగలేదు, ఈయన చెప్పలేదు. నెత్తురు పలుచబడు మందులు వాడువారి విషయమున ఇంతకంటె నెక్కుడు ప్రమాదము కలదు. దేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నదని 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే తేల్చెను. అట్టివారినుండి మరికొంత నెత్తురు తీయుటను చికిత్స యనుట మాకు చేతగాదు. ఒకని నెత్తురు సోకిన కత్తియో బుడ్డియో వేఱొకనికి తగిలినచో కామెర్లు గలిగించు హెపటైటిసు క్రిములు, ఎయిడ్సు క్రిమియు వ్యాపింపవచ్చునని వేఱుగా చెప్పనేల?

మేము నిషేధమును కోరుట లేదు. నిషేధించిన పనులు చీకటిగదులలోనికి పోవునేగాని ఆగవు. యూనానీ, ఆయుర్వేద పట్టభద్రులు మనకున్నారు; గాటు పెట్టు పనిని అర్హతతో నమోదైనవారికే పరిమితము చేసి, వారి నమోదుసంఖ్యను ద్వారమున వ్రాయించుట జిల్లా యధికారులకు అసాధ్యము గాదు. మధుమేహము, క్యాన్సరు, పక్షవాతము నయముచేయుదుమను ప్రకటనల నరికట్టుటకు 1954 నాటి శాసనము కలదు. నెత్తురంటిన దూదిని, కత్తులను చెత్తకుండీలో వేయరాదని 2016 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. అవి ఆయుష్ వైద్యశాలలకును వర్తించును.

అంతవరకు తమ కూలీలను ఈ చికిత్సకు పంపు భూస్వాములు ఒక్క పని చేయవచ్చును. తామును వెంట వెళ్లి, క్రొత్త కత్తి పొట్లమును, ఇంతకుముందెవరికిని వాడని బుడ్డిని రోగి కన్నులయెదుట విప్పుమని యడుగవలెను. విప్పనిచోటినుండి ఆ మనుష్యుని వెనుకకు తీసికొనిరావలెను.