సుఖపడటం తప్పా?

జీతం అందుకోగానే వాయిదాల మీద బైకు కొనే కుర్రాడు మల్కాజ్‌గిరిలో ఏ వీధికెళ్లినా కనిపిస్తాడు. ‘అప్పు చేసి పప్పుకూడు ఎందుకురా?’ అని తండ్రి విసుగు. ‘ఉన్నన్నాళ్లూ సుఖపడొద్దా నాన్నా?’ అని కొడుకు జవాబు. తగవు చిన్నదే కానీ వయసు రెండు వేల ఏళ్లు దాటింది. కొడుకు మాటకు ఇంగ్లిషులో ‘హెడోనిజం’ అని పేరు. తెలుగులో సుఖవాదం. కాస్త చిన్నచూపుతో అంటే భోగవాదం.

ఈ మాట పుట్టిల్లు గ్రీకు. ‘హెడోనె’ అంటే సుఖం. తియ్యన అనే అర్థమున్న ‘హెడుస్’ దానికి దగ్గరి చుట్టం. విచిత్రమేమిటంటే సంస్కృతంలోని ‘స్వాదు’, ఇంగ్లిషులోని ‘స్వీట్’ కూడా ఆ కుటుంబానివే. మనం ‘ఆస్వాదించు’ అన్నప్పుడల్లా ఆ పాత చుట్టరికాన్నే పలకరిస్తున్నాం!

సోక్రటీస్ శిష్యుడు అరిస్టిపస్‌ది నేటి లిబియాలోని సైరీన్ నగరం. చేతికందిన సుఖమే మేలన్నది అతని బాట. తర్వాత వచ్చిన ఎపిక్యూరస్ (క్రీ.పూ. 341-270) సుఖమే గమ్యమన్నాడు కానీ, ఒంటికి నొప్పి, మనసుకు కలత లేకపోవడమే అసలు సుఖమని తేల్చాడు. ఏథెన్స్‌లోని తన తోటలో స్నేహితులతో కలిసి సాదాసీదాగా బతికాడు. అయినా లోకం ఆయన పేరును తిండిపోతులకు తగిలించింది.

మన చార్వాకులకూ అదే గతి పట్టింది. అప్పు చేసైనా నెయ్యి తాగమన్నారని వారి మీద ముద్ర. వారి మూలగ్రంథాలు దాదాపుగా దక్కలేదు. విజయనగర కాలపు మాధవాచార్యుడిదిగా చెప్పే ‘సర్వదర్శన సంగ్రహం’ వంటి ఇతరుల పుస్తకాల నుంచే వారి సంగతులు ఎక్కువగా తెలుస్తున్నాయి. ప్రత్యర్థి చెప్పిన సాక్ష్యంతోనే తీర్పు ఇచ్చేస్తే ఎలా? పైగా మన పెద్దలు కామాన్ని నాలుగు పురుషార్థాల్లో ఒకటిగా లెక్కించారే తప్ప వెలివేయలేదు. ధర్మాన్ని దాటొద్దన్నారంతే.

సుఖం వెంట పడేకొద్దీ అది చేజారుతుందని ఇంగ్లండుకు చెందిన హెన్రీ సిజ్‌విక్ 1874లో హెచ్చరించాడు. పాటలో లీనమైనవాడికి ఆనందం అడగకుండానే వస్తుంది. ‘ఆనందం వస్తోందా?’ అని మాటిమాటికీ చూసుకునేవాడికి పాటే వినపడదు.

కాబట్టి సుఖం కోరడం తప్పు కాదు, లెక్క తప్పడమే తప్పు. వాయిదా కట్టే తేదీ తలచుకుంటేనే నిద్ర పట్టకపోతే ఆ కొన్నది సుఖం కాదు. ఆ సంగతి ఎపిక్యూరస్ కూడా ఒప్పుకుంటాడు!