పాత కారు చప్పుళ్లు – మన కర్తవ్యము

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అను సామెత నెరుగని రైతు లేడు. ఎడ్లబండి ఇరుసు కీచుమనిన కందెన వేయుట, సీల వదులైన బిగించుట మన పూర్వులు నేర్పిన విద్య. ఆ విద్య ఎడ్లబండి విషయమున నేటికిని చెల్లును. కాని యిప్పుడు మన సభ్యులలో పెక్కుమంది వాకిళ్లలో బండి నిలిచిన చోట పాత కారు నిలిచియున్నది. దాని క్రింది భాగమున చప్పుడు పుట్టినప్పుడు బండికి చేసిన వైద్యమునే దీనికిని చేయుట యొక పద్ధతి. ఎవరో చెప్పిన సామాను నంతయు ఒక్కసారిగ మార్చివేయుట రెండవ పద్ధతి. "పాతది గదా, మ్రోగక మానునా" యని ఊరకుండుట మూడవది. ఈ మూడును సరియైనవి కావని మా యభిప్రాయము. చప్పుడు పుట్టిన చోటు తెలియక ముందు ఒక్క రూపాయియు వెచ్చింపరాదు. తెలిసిన పిమ్మట జాగు చేయరాదు. మేము చెప్పదలచిన దింతియే.

వ్యవసాయ సంచికలో కారు ప్రసంగ మేల యని కొందరు సభ్యు లడుగవచ్చును. తోటలోని కూరగాయలు తెల్లవారుజామున సంతకు చేరుట, విత్తనములు పట్టణమునుండి వచ్చుట, ఇంటిలో నెవరికైన జబ్బు చేసిన ఆసుపత్రికి పోవుట, ఇవన్నియు అనేకుల కీ పాత కార్లవలననే జరుగుచున్నవి. నాగలివలె, మోటారు పంపువలె ఇదియు రైతు పనిముట్టే. మన పల్లెలలో చిరపరిచితమైన మారుతి 800 కారు 1983 డిసెంబరులో వెలువడి 2014 జనవరితో నిలిచిపోయెను. అంబాసిడరు తయారీయు ఆ 2014వ సంవత్సరముననే మే నెలలో ఆగిపోయెను. కావున వీనిలో మిక్కిలి లేతదియు పది సంవత్సరములు దాటినదే. ఇనుము పదియేండ్లు చెక్కు చెదరకుండ నిలువవచ్చును గాని రబ్బరు అట్లు నిలువదు. ఎండ, ఇంజను వేడి, నూనె మరకలు, గాలిలోని ఓజోను వాయువు దానిని గట్టిపరచి పగుల్చును. క్రింది భాగపు చప్పుళ్లలో పెక్కింటికి మూల మిదియే.

మొదట ఏ భాగ మేమి పని చేయునో తెలిసికొందము. బరువును మోయునవి స్ప్రింగులు. అంబాసిడరు వెనుక భాగమున నివి కమాను పట్టీల కట్టలు. ముందు భాగమున మెలి తిరిగి బరువు నోర్చు ఉక్కు కడ్డీలు. మారుతి 800 ముందు భాగమున చుట్టల స్ప్రింగును, షాక్ అబ్జార్బరును ఒకే స్తంభముగ కూర్చియుందురు. షాక్ అబ్జార్బరు, అనగా మన మెకానిక్కులు షాకు అనునది, బరువు మోయదు. దానిలోని నూనె సన్నని రంధ్రములగుండ పోవుచు స్ప్రింగు ఊపును అణచును. ఇనుము ఇనుమును తాకకుండ నడుమ నుండునవి రబ్బరు బుష్షులు. చక్రము పైకి క్రిందికి ఆడుచునే ప్రక్కకు తిరుగుటకు వీలు కల్పించునది బాల్ జాయింటు. వీనిలో వెల తక్కువది బుష్షు. వెల యెక్కువది షాకు. అయినను చప్పుడు వినబడగనే మనవారి వ్రేలు మొదట షాకు మీదికే పోవుచుండును. నష్ట మిక్కడనే ప్రారంభ మగుచున్నది.

పరీక్షకు పూర్వము డిక్కీ ఖాళీ చేయవలయును. వదులుగ పడియున్న జాకీ, పానాలు, పురుగుమందు డబ్బా గోతిలో పడినప్పుడెల్ల చేయు చప్పుడు షాకు చప్పుడువలెనే యుండును. పిమ్మట నాలుగు చక్రముల నట్లు బిగువుగ నున్నవో లేదో చూడవలయును. వదులైన నట్లును టక్కుటక్కుమనును, అది ప్రాణాపాయకరము గూడ. ఆ మీదట అద్దములు దించి, పొడవైన గోడ ప్రక్కగ మెల్లగ నడుపుచు వేరొకరిని చెవియొగ్గి వినుమనవలయును. గోడ చప్పుడును తిరుగగొట్టి స్పష్టపరచును.

చప్పుడు ఎప్పుడు వచ్చుచున్నదను ప్రశ్నయే సగము వైద్యము. చిన్న చిన్న గతుకులపై ఒక్క ప్రక్క చక్రము మాత్రమే పడినప్పుడు టక్కుటక్కుమని, రెండు చక్రము లొక్కసారిగ స్పీడు బ్రేకరెక్కినప్పుడు ఆ చప్పుడు తగ్గిన, స్టెబిలైజర్ రాడ్డు బుష్షులను గాని దాని లింకును గాని అనుమానింపవలయును. ఏలయనగా రెండు చక్రములును కలిసి లేచినప్పుడు ఆ రాడ్డు మెలి తిరుగదు. బ్రేకు నొక్కగనే, లేక బండి కదలగనే ఒక్కసారి దభీమనిన, క్రింది ఆర్మ్ బుష్షు అరిగియుండవచ్చును; కమాను పట్టీల బండియైనచో యు బోల్టులు వదులైయుండవచ్చును. బండి నిలిచియుండగ స్టీరింగు త్రిప్పిన టుంగుమని స్ప్రింగు జారినట్లు వినబడిన, స్తంభము పై కొననున్న మౌంటును, దాని బేరింగును చూడవలయును. వేగముతో పాటు హెచ్చుచు గూయను చప్పుడు చక్రపు బేరింగుదో టైరుదో కావచ్చును. ముందు చక్రములతో నడుచు కారు మలుపులో కటకటలాడిన, అది చక్రమును త్రిప్పు యాక్సిలు కీలుది. షాకులు మార్చిన ఈ రెండును మానవు.

కీచు చప్పుడునకు మంచి పరీక్ష వట్టి నీరు. ఇద్దరిలో నొకరు కారు మూలను రెండు చేతులతో నొక్కి విడచుచుండ, రెండవవారు ప్రక్కన కూర్చుండి, చేయి నలగని చోటనుండి, ఒక్కొక్క బుష్షు మీద మాత్రమే కొంచెము నీరు చల్లవలయును. ఏ బుష్షు తడిసినప్పుడు కీచు ఆగునో దోషి యదియే. నీరు మందు కాదు, సాక్షి మాత్రమే. ఆరిన వెంటనే కీచు మరల వచ్చును. నొక్కి విడచిన మూల రెండు మూడు మార్లకన్న నెక్కువగ ఊగినను, షాకు వెలుపల నూనె ధారగ కారినను, అప్పుడు షాకు మీద నేరము మోపవచ్చును. అట్టి గుర్తులు లేనిచో ముందు చవుక వస్తువులను పరీక్షించుటయే వివేకము. మే మెరిగిన యొక సభ్యుడు పంట డబ్బు వచ్చిన వారముననే నాలుగు షాకులును మార్పించెను, చప్పుడు మానలేదు. తుదకు చూడగ స్టెబిలైజర్ బుష్షు ఒకటి చీలియుండెను. దాని వెల అతడు పెట్టిన వ్యయములో లెక్కకు వచ్చునది కాదు.

ఇక కందెన సంగతి. కీచుమనగనే బుష్షులకు వాడిన ఇంజను నూనెయో, డీజిలో, మామూలు గ్రీజో పూయు అలవాటు మనలో మిక్కుటముగ నున్నది. ఆ రాత్రి చప్పుడు మానుటచే మందు పనిచేసినదని తలంతురు. వాస్తవమున నూనె తగిలిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, క్రమముగ చెడిపోవును. కీచుమను బుష్షు కొంతకాలమునకు దభీమను బుష్షగును. రబ్బరుకు పూయదగినది సిలికోన్ గ్రీజు. చీలిన రబ్బరుకు ఏ గ్రీజును పనికిరాదు, మార్చవలసినదే. ఇనుము ఇనుముతో రాయు కమాను పట్టీల నడుమ గ్రాఫైట్ గ్రీజు పెట్టవచ్చును; అది కొనలయందలి రబ్బరు బుష్షులకు తగులకుండ చూడవలయును. ఇరుసునకు అమృతమైనది రబ్బరునకు విషమని మన మిప్పుడు క్రొత్తగ నేర్వవలసియున్నది.

కొన్ని చప్పుళ్లకు వాయిదా లేదు. ముందు చక్రమును నేలనుండి లేపి, బండిని స్టాండుపై నిలిపి, చక్రమును పైనను క్రిందను పట్టి ఊపవలయును. ఆట కనబడిన, వేరొకరిచే బ్రేకు నొక్కించి మరల ఊపవలయును. ఆట మానిన బేరింగు వదులని, మానకున్న బాల్ జాయింటును అనుమానింపవలెనని అర్థము. కుడి యెడమలుగ ఊపినప్పుడు ఆట యున్న టై రాడ్డు కొనను చూడవలయును. బాల్ జాయింటు ఊడిన చక్రము ప్రక్కకు వాలిపోయి, స్టీరింగు చేతిలో నుండియు లేనట్లగును. టై రాడ్డు ఊడినను అంతియే. కాలువగట్టు బాటమీద నట్లు జరిగిన ఫలము చెప్పనక్కరలేదు. ఈ రెండింటిలో ఆట కనబడిన బండిని ఆ స్థలముననే నిలిపివేయవలయును. "కోత ముగిసిన పిమ్మట చూతము" అను మాట షాకుకు చెల్లవచ్చును గాని వీనికి చెల్లదు. చీలిన కమాను పట్టీయు, విరిగిన స్ప్రింగును ఈ తరగతిలోనివే.

క్రొత్త బుష్షు వేసినను కొలది కాలమునకే మరల చప్పుడు వచ్చుచున్నదని, సామాను నాసిరకమని పలువురు వాపోవుదురు. అనేక పర్యాయములు దోషము సామానుది కాదు, బిగించిన తీరుది. ఆర్మ్ బుష్షులో రబ్బరు లోపలి గొట్టమునకును వెలుపలి గొట్టమునకును అతికియుండును. అది జారదు, మెలి తిరుగును. చక్రము గాలిలో వ్రేలాడుచుండగ బోల్టు బిగించిన, బండి నేలకు దిగిన క్షణమునుండి ఆ రబ్బరు ఎల్లప్పుడు మెలికలోనే యుండి త్వరలో చినుగును. కావున బోల్టులను చేతి బిగువున నుంచి, బండి తన బరువుతో చక్రములపై నిలిచిన పిమ్మట కడపటి బిగింపు చేయవలయును. పని చేయించునప్పుడు సభ్యులు ప్రక్కన నిలిచి ఈ యొక్క మాట అడిగిన చాలును. ఖర్చు లేదు, బుష్షు ఆయువు పెరుగును. ఆర్మ్ గాని టై రాడ్డు గాని విప్పిన పిమ్మట చక్రముల అలైన్‌మెంటు చూపింపనిచో టైర్లు ఒక ప్రక్క అరిగిపోవును.

మెకానిక్కుల పక్షమునను న్యాయము కలదు. "ఒకటొకటిగ విప్పిన కూలి పలుమార్లు పడును, అన్నియు నొక్కసారి మార్చుడు" అని వారు చెప్పుదురు. ఒకే యిరుసుకు సంబంధించిన రెండు షాకులను జతగ మార్చుట యుక్తమే. ఒక వైపు క్రొత్తది, ఒక వైపు పాతది యున్న బండి సమముగ నిలువదు. ఒక ప్రక్క బుష్షు చీలినచో రెండవ ప్రక్కదానికిని ఆయువు తీరియుండును. అయినను జత మార్చుట వేరు, గుడ్డిగ నన్నియు మార్చుట వేరు. చెడినదానిని విప్పి చేతిలో చూపుమని యడుగుటకు సభ్యులు మొగమాటపడరాదు. మంచి పనివాడు సంతోషముతో చూపును. మరియొక సంగతి. స్తంభము పై కొన బిగియు తావున గాని, కమాను కట్ట వ్రేలాడు తావున గాని బాడీ రేకు తుప్పుపట్టి చిల్లులు పడినచో, బుష్షులకు వెచ్చించు డబ్బు వ్యర్థము. రేకుపని సాధ్యమా కాదా యని తేల్చుకొనిన పిమ్మటనే మిగిలిన మాట. చప్పుడు బండిని అమ్మివేయుటకు కారణము కాదు. ఈ తుప్పు కావచ్చును.

బరువు విషయమును మరువరాదు. 2018 నుండి యూరియా బస్తా 45 కిలోలది. నాలుగు బస్తాలు 180 కిలోలగును. అనగా దాదాపు ముగ్గురు మనుష్యులు డిక్కీలో కూర్చున్నట్లు. మారుతి 800 వంటి చిన్న కారులో వీనిని వేసి, ఆ పైన నలుగు రెక్కి, గతుకుల బాటను పోయిన, వెనుక స్ప్రింగులు అణగి ఆపు రబ్బరులకు తగులుట ఆశ్చర్యము కాదు. ఎరువునకు ట్రాలీ యున్నది, కారు వలదు.

పనికి పూనుకొనువా రొక నియమమును ప్రాణముతో సమానముగ చూడవలయును. జాకీమీద మాత్రమే నిలిచిన బండి క్రింద దూరరాదు. చక్రములకు అడ్డుకట్టలు పెట్టి, ఇనుప స్టాండులు నిలిపి, తీసిన చక్రమును గూడ బండి క్రింద పరుండబెట్టవలయును. ఇటుకలు పేర్చుట కూడదు. బరువునకు ఇటుక పగిలిపోవును. చుట్టల స్ప్రింగు స్తంభపు పై నట్టును సరియైన బిగింపు సాధనము లేక విప్పినచో, అణగియున్న స్ప్రింగు తుపాకి గుండువలె వచ్చును. అంబాసిడరు మెలిక కడ్డీయందును అట్టి బలమే దాగియుండును. ఈ రెండును ఇంటి పనులు కావు. తెలిసిన పనివానికే విడువవలయును.

తుదకు సంఘమునకు మా మనవి. స్ప్రేయర్లు, విత్తన గొర్రులు సభ్యులకు అద్దె కిచ్చు సంఘములు కలవు. అట్లే చక్రముల జాకీ ఒకటి, జత స్టాండులు, బిగువు కొలుచు టార్క్ పానా, చక్రపు అడ్డుకట్టలు, గ్రీజు గన్ను కొని సంఘపు గిడ్డంగిలో నుంచవచ్చును. ఇవి ఒక్కొక్క రైతు కొనదగినవి కావు, నూరుమంది కలిసి కొనదగినవి. కోతలకు ముందొక దినము నిర్ణయించి, అనుభవముగల మెకానిక్కు నొకరిని కూలి యిచ్చి పిలిపించి, సభ్యుల బండ్లను వరుసగ లేపి, బాల్ జాయింట్లును టై రాడ్లును ఊపి చూపించిన, రాబోవు ఋతువున నెన్ని ప్రమాదములు తప్పునో యోచింపుడు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చెదరని కోరుచున్నాము. అంతవరకు ఎవరి కారు మ్రోగినను, ముందు డిక్కీ ఖాళీ చేసి, నట్లు బిగించి, చెవియొగ్గి వినుడు; డబ్బుసంచి పిమ్మట విప్పవచ్చును.