కాలిన గోడకు సాక్షి

న్యాయస్థానములలో ఒక నియమము గలదు. అసలు దస్తావేజు నశించినదని రుజువైనపుడు దాని నకలు సాక్ష్యముగా స్వీకరింపబడును. ఆ నకలు అసలును ఎదుట నుంచుకొని నమ్మకముగా తీసినదై యుండవలెను. చిత్రకళ విషయమున మాత్రము నకలన్నంతనే మన విద్యావంతులు పెదవి విరుతురు. అది స్వయంప్రతిభ లేనివాని పనియని తీర్పు చెప్పి యూరకుందురు. ఆ తీర్పు పునర్విచారణకు అర్హమైనదని మా మనవి. అందులకు జపానునందలి హోర్యూజీ ఆలయ వృత్తాంతమే చాలును.

నారా మండలములోని ఈ బౌద్ధాలయమును 607లో షోతోకు రాకుమారుడు స్థాపించెనని ప్రతీతి. 670లో అది దగ్ధముకాగా మరల కట్టిన కొందో, అనగా స్వర్ణమందిరము, నేడు లోకమున నిలిచియున్న కొయ్యకట్టడములలో మిక్కిలి ప్రాచీనమైనది. దాని గోడలపై పండ్రెండు చిత్రములుండెడివి. నాలుగు పెద్ద గోడలమీద శాక్యముని, అమితాభ, మైత్రేయ, భైషజ్యగురు బుద్ధుల దివ్యలోకములు. ఎనిమిది చిన్న గోడలమీద బోధిసత్త్వమూర్తులు. ఆ రూపములయందు మన అజంతా ఛాయను గుర్తించిన పండితులు పెక్కురు.

1940లో జపాను ప్రభుత్వము ఈ చిత్రములకు ప్రతికృతులు వ్రాయింప నారంభించెను. అరాయ్ కంపో, ఇరియే హాకో, నాకమురా గాకుర్యో, హషిమోతో మేయిజీ అను నలుగురు నాయకులుగా నాలుగు బృందము లేర్పడినవి. చీకటి మందిరములో, ఆ దేశమునకు నాడు క్రొత్తవియైన ఫ్లోరసెంటు దీపముల వెలుతురున వారు పని సాగించిరి. వారికి విధించిన ధర్మ మొక్కటే: ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. రంగు రాలినచోట రాలినట్లే, గోడ బీటలు వారినచోట బీటతోడనే చూపవలెను. చెరిగిన బుద్ధుని పెదవిని తన యూహతో పూరించుటకు చిత్రకారునికి అధికారము లేదు. ఇంతటి నిగ్రహము ప్రతిభ లేనివానికి సాధ్యమా?

ఈ అరాయ్ కంపో మన దేశమునకు పరాయివాడు కాడు. రవీంద్రనాథ ఠాకూరు ఆహ్వానముపై 1916లో కలకత్తాకు వచ్చి, జోడాసాంకోలోని విచిత్ర కళాశాలలో జపాను చిత్రలేఖనము బోధించి, అజంతా గుహలలో కూర్చుండి అచటి చిత్రములకు ప్రతులు వ్రాసినవాడు. అజంతాలో అలవడిన చేయియే ఇరువదియేండ్ల తరువాత హోర్యూజీ గోడయెదుట కుంచె పట్టినది.

యుద్ధము పనికి అడ్డు వచ్చినది. 1945లో అరాయ్, 1948లో ఇరియే గతించిరి. ప్రతులు ముగియకమునుపే, 1949 జనవరి 26వ తేదీన మందిరమున నిప్పంటుకొన్నది. గోడలు నిలిచినవిగాని వర్ణములు మాడిపోయినవి. చలికి ఓర్వలేక చిత్రకారులు వాడుకొనిన విద్యుత్ దిండే కారణమని బలమైన అనుమానము వచ్చినది. కాని నిశ్చయముగా తేలలేదు. ఈ విపత్తు ప్రేరణచేతనే 1950లో జపానులో సాంస్కృతిక సంపద రక్షణచట్టము పుట్టినది. 1955 మొదలు జనవరి 26ను అట్టి సంపదకు అగ్నిరక్షణ దినముగా పాటించుచున్నారు. మనము గణతంత్రోత్సవము జరుపుకొను దినమున వారు నిప్పును గూర్చి హెచ్చరిక చెప్పుకొందురు.

ప్రతులు వ్రాయబోయియే అసలును పోగొట్టుకొనిరి గదా యని ఆక్షేపించువారుందురు. అనుమానమే నిజమైనను అది అజాగ్రత్త దోషము, ప్రతిలేఖనమునకు అంటదు. ఆ ప్రతులే లేకున్న నేడేమి మిగిలియుండును? 1935లో గోడల పరిమాణమునకు సరిగా తీసిన ఛాయాచిత్రములును, అగ్నికి పూర్వము వ్రాసిన ప్రతులును ఆధారముగా 1967లో యసుదా యుకిహికో, మాయెదా సెయిసోన్ మొదలగువారు క్రొత్తగా చిత్రించుటకు పూనుకొనిరి. తొలి యత్నమున పాల్గొన్న హషిమోతో ఇందును పాల్గొనెను. 1968లో ఆ చిత్రములు మందిరపు గోడల నలంకరించినవి.

యంత్రము క్షణములో తీయగా చేతితో నేల యని మరియొక ప్రశ్న. యంత్రము వలదని మేమనము. ఆ ఛాయాచిత్రములు లేనిదే పునర్లేఖనము జరిగియుండదు. కాని యంత్రము గోడను చూచును. చిత్రకారుడు గోడపై నడచిన చేతిని చూచును. రేఖ ఎచట మొదలైనది, ఎచట కుంచె ఒత్తినది, ఏ రంగుపై ఏ రంగు పూసినది, ఇవి అతడు తన చేతితో తిరిగి చేసియే తెలిసికొనవలెను. ఒక్క ప్రతి ముగియునప్పటికి ఒక చిత్రమేగాక ఒక విద్యయు రక్షింపబడుచున్నది.

ప్రతికి సైతము నిప్పు భయము గలదు. రాబర్టు గిల్లు అజంతాకు వ్రాసిన ప్రతులు పెక్కు 1866లో లండను క్రిస్టలు పాలెసులో కాలినవి. గ్రిఫిత్సు బొంబాయి విద్యార్థులచే వ్రాయించిన వానిలో పెక్కు 1885లో లండనుననే దగ్ధమైనవి. అరాయ్ అజంతా ప్రతులు 1923 భూకంపమున టోకియోలో బూడిదయైనవి. కావున ప్రతిని వ్రాయించుట సగము పని. కాపాడుట మిగిలిన సగము.

తెలుగువారికి ఈ విషయము దూరమైనది కాదు. అజంతా నాడు నైజాము సంస్థానములోనిది. హైదరాబాదునుండి సయ్యదు అహమ్మదు, మహమ్మదు ఫజలుద్దీను అను చిత్రకారులు హెరింగుహాం దొరసానికి తోడ్పడి ఆ గోడలకు ప్రతులు వ్రాసిరి. సయ్యదు అహమ్మదు తరువాతను ఆ పని సాగించెను. హైదరాబాదు పబ్లికు గార్డెన్సులోని ప్రదర్శనశాలలో అజంతా ప్రతులు గలవు. నకళ్లే గదా యని వాని ముందునుండి త్వరత్వరగా నడచిపోవుట మనకు తగదు. లేపాక్షి కప్పుమీది చిత్రములు నానాటికి మాయుచున్నవి. అవి కన్నులకు కనబడుచున్నపుడే శిక్షణ గల చేతులచే ప్రతులు వ్రాయింపవలెను. వ్రాసినవారికి తగిన వేతనమును, పేరును ఈయవలెను. ఆ ప్రతులను ఒక్కచోటనేగాక పలుచోట్ల భద్రపరుపవలెను. అసలు సజీవముగా నున్నపుడే సాక్షిని సిద్ధము చేసికొనవలెను. అగ్ని వాయిదా అడిగి రాదు.