మేడమీదికి ఎక్కని వైఫై

డాబామీద టీవీ యాంటెన్నా ఉన్న రోజులు గుర్తున్నాయా? ఒకరు పైన గొట్టం తిప్పుతుంటే, ఇంకొకరు కిటికీలోంచి 'ఆ... ఆ... వచ్చింది, ఉంచు' అని కేకేసేవాళ్లు. ఇన్నేళ్లకు మా ఇంట్లో మళ్లీ అదే తంతు. ఈసారి వైఫై రూటర్‌తో.

రూటరేమో కింద హాల్లో, టీవీ వెనక. మా అమ్మాయి చదువుకునేది సరిగ్గా దాని పైగదిలో. ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే తెరమీద చక్రం తిరగడం మొదలైంది. 'నాన్నా, రేపు ఇంకో పరీక్ష ఉంది' అంది ఏడుపుగొంతుతో. ఆ సాయంత్రమే వెళ్లి 9 డీబీఐ యాంటెన్నాలు రెండు కొనుక్కొచ్చాను. బిగించాక వీధి అరుగుమీద కూడా సిగ్నల్ బ్రహ్మాండం. మేడమీద మాత్రం ఉన్నదీ పోయింది!

తప్పు నాదే. యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు. రూటర్ ఇచ్చినదాన్నే ఎటు ఎంత పంపాలో సర్దుతుంది. నిలువుగా పెట్టిన యాంటెన్నా చుట్టూ తరంగాలు గారె ఆకారంలో పరుచుకుంటాయి. చిల్లులో యాంటెన్నా ఉందనుకోండి. 2 డీబీఐది బాగా ఉబ్బిన గారె. 9 డీబీఐది అరచేత్తో అదిమిన గారె. వెడల్పు పెరిగింది, మందం తగ్గింది. నెత్తిమీదున్న గదికి ఇక దక్కేదేముంది?

పాత యాంటెన్నాలే మళ్లీ పెట్టి, ఒకదాన్ని అడ్డంగా వంచాను. రూటర్‌ని టీవీ చాటునుంచి తీసి మెట్ల దగ్గర గోడకు ఎత్తుగా బిగించాను. ఖర్చు రెండు మేకులు. మర్నాటి పరీక్ష చక్రం తిరక్కుండా గడిచింది.

ఒకే అంతస్తులో పొడుగ్గా ఉన్న ఇంటికైతే పెద్ద యాంటెన్నా పనికొస్తుంది. ముందు మీ రూటర్‌వి ఊడదీసే రకమో కాదో చూడండి. నెట్ కంపెనీలు ఇచ్చేవాటిలో చాలావాటికి ఊడవు, బలవంతం చేయొద్దు. ఊడేవాటికి ఎక్కువగా ఆర్‌పీ-ఎస్ఎంఏ మర ఉంటుంది. మామూలు ఎస్ఎంఏ కూడా దానికి బిగుసుకుంటుంది గానీ, లోపలి సూది కలవదు. 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటికీ పనిచేసేదే అడగండి. యాంటెన్నాని దూరంగా పెడదామని సన్న కేబుల్ 3 మీటర్లు లాగారో, 3 డెసిబెల్స్ అయినా దారిలోనే పోతాయి. అంటే సగం శక్తి!

సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ల జోలికి మాత్రం వెళ్లకండి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కి 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు గానీ, వెదజల్లే శక్తికి 4 వాట్ల హద్దుంది. పైగా రూటర్ ఎంత గట్టిగా అరిచినా, ఫోను గొంతు చిన్నదే కదా! యాంటెన్నా అయితే చెప్పడంతోపాటు వినడంలోనూ సాయపడుతుంది. స్లాబు మరీ మందమైతే పైకి ఒక లాన్ వైరు లాగి, రెండో రూటర్ పెట్టుకోవడమే మేలు.

నేను కొన్న జంట వృథా కాలేదు లెండి. పక్కింటి బాబాయిగారిది వరుసగా నాలుగు గదుల పెంకుటిల్లు. ఇప్పుడు పెరటి వసారాలో కూర్చుని మనవడితో వీడియోలో మాట్లాడుతున్నారు. నిన్న పాదునుంచి కోసి దొండకాయలు పంపారు.